ఎడమవైపు మసి

“సార్, ఇంత బాగా తుప్పెలా పట్టించారు?”

టీ కప్పుతో వస్తున్న ఆమె గుంపు వెనకే ఆగిపోయింది. ప్రశ్న అడిగిన అమ్మాయి చూస్తున్నది తన భర్త వైపు.

బొమ్మల పోటీ జరుగుతున్న హాల్లో, బల్ల మీద మూరెడు పొడవున్న అంతరిక్ష నౌక. పది గ్రహాల దుమ్ము తిని, నాలుగు యుద్ధాలు చేసి, ఇప్పుడే దిగినట్టుంది. రెక్కల అంచుల్లో రంగు పెచ్చులూడి కింద తుప్పు బయటపడింది. ఇంజను గొట్టాల చుట్టూ మసి. డబ్బాలో ముక్కలుగా వచ్చిన కొత్త ప్లాస్టిక్ బొమ్మ అంటే ఎవరూ నమ్మరు. దాని ముందు చిన్న కార్డు. కార్డు మీద భర్త పేరు.

“ఓపిక ఉండాలమ్మా,” అంటున్నాడతను బిస్కెట్ నములుతూ. “ఆఫీసు నుంచి రాగానే కూర్చునేవాణ్ణి. మా ఆవిడ అన్నానికి రమ్మని పోరు పెట్టేది. కళ పట్టుకున్నవాడికి ఆకలేం తెలుస్తుంది?”

ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలిపించే చెయ్యి అది. నిన్న “నువ్వు సెలవు పెట్టడమెందుకు, హాల్లో నేను అప్పగించి వస్తాలే” అని నౌకను కారులో పెట్టుకు పోతుంటే, పోనీలే, ఇన్నాళ్లకు ఒక సాయం చేస్తున్నాడనుకుంది. తన పేరు రాయించమని రెండుసార్లు చెప్పి మరీ పంపింది.

అతని పెదవి చివర బిస్కెట్ పొడి అంటుకుని ఉంది. అదే చేత్తో రెక్కను నిమిరాడు. ముద్దుగా, కన్నబిడ్డను నిమిరినట్టు. రెక్క మీద జిడ్డు వేలిముద్ర పడింది. ఆమె టీ కప్పు కింద పెట్టేసింది.

న్యాయనిర్ణేత వచ్చింది. తెల్లజుట్టు, చేతిలో భూతద్దం. నౌక మీదికి వంగి చాలాసేపు చూసింది.

“ఈ పెచ్చులు ఎలా తెచ్చారు?”

“బ్రష్షుతో గోధుమరంగు అక్కడక్కడా అద్దానండీ. అంతే.”

“అద్దితే ఇలా రాదే. పైరంగు అంచు ఎత్తుగా ఉంది.”

“నా చెయ్యి అలాంటిదండీ!”

ఆమె గుంపును తోసుకుని ముందుకొచ్చేసింది. “అద్దలేదండీ. ముందు అంతా తుప్పు రంగే వెయ్యాలి. దాని మీద నీళ్లు చల్లి ఉప్పు రాళ్లు అంటించాలి. ఆరాక పైన బూడిదరంగు కొట్టి, ఉప్పు గీకేస్తే కింద తుప్పు బయటపడుతుంది.”

న్యాయనిర్ణేత ఆసక్తిగా తల తిప్పింది. భర్త గలగలా నవ్వి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“మా ఆవిడండీ. పక్కన కూర్చుని చూసి చూసి అన్నీ పట్టేసింది. ఇంకొన్నాళ్లు పోతే మా ఇంటి పిల్లి కూడా రంగులు కలిపేస్తుంది!”

అందరూ నవ్వారు. న్యాయనిర్ణేత నవ్వలేదు. ఆమెనే అడిగింది. “మరి మసి ఎడమవైపే ఎక్కువుంది. ఎందుకమ్మా?”

ఆమె ఎడమ గొట్టం వైపు, కుడి గొట్టం వైపు మార్చి మార్చి చూసింది. భుజం మీద ఆ చెయ్యి జెర్రి పాకినట్టుంది.

“కుడి ఇంజను దెబ్బతిందండీ,” భర్త అందుకున్నాడు. “పాపం, ఎడమదాని మీదే ఇల్లు చేరింది.”

“ఆహా!” అంది న్యాయనిర్ణేత. మొదటి బహుమతి అక్కడే ఖాయమైపోయింది.

వేదిక మీద అతను కప్పు అందుకుని, ఇది తన ఒంటరి తపస్సు అన్నాడు. గొంతు కూడా వణికించాడు. హాలంతా చప్పట్లు కొడుతుంటే ఆమె రుమాలు తీసి భుజం తుడుచుకుంది. గట్టిగా, తోలు ఊడేలా.

తిరుగుదారిలో కారులో అతనే కదిపాడు. “ఎందుకా మొహం? బహుమతి మనింటికే వస్తోందిగా.”

“కార్డు మీద నీ పేరెందుకు రాయించావు?”

“పేరడిగారు, చెప్పాను. పోటీ పెట్టిన ఆ క్లబ్బులో నేనైతే నలుగురికీ తెలుసు. నువ్వు చేశావంటే నమ్ముతారా? ఆదివారాలు మీ చెల్లెలింట్లో తీరిగ్గా కూర్చుని చేసుకున్నావు. తృప్తి నీది, పేరు నాది. మొగుడూ పెళ్లాల మధ్య లెక్కలేంటి?”

“సిగ్గులేదూ?” ఆమె అరిచింది. “నడుం పడిపోయేలా కూర్చుని, ఆ రంగుల వాసన పీల్చి, కళ్లు మండుతున్నా చేసిన పని. దాన్ని తీసుకుపోయి నాదే అని నిలబడడం ఎంగిలి కతకడం కంటే హీనం. అలాంటివాళ్లకు నిద్రెలా పడుతుంది?”

“హాయిగా పడుతుంది,” అన్నాడతను ఆవులిస్తూ.

ఇంటికొచ్చాక అతను కప్పును టీవీ పక్కన పెట్టాడు. నచ్చక అద్దాల బీరువాలో పెట్టాడు. మళ్లీ తీసి టీవీ పక్కకే తెచ్చాడు. ఆమె అతని మొహం చూడలేక నౌకను భోజనాల బల్ల మీద పెట్టుకుని, రెక్క మీది జిడ్డు మరకను మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. అది వదలడం లేదు.

ఫోను మోగింది. పేరు చూసి ఆమె బోర్లా పెట్టేసింది.

“ఎవరూ?”

“చెల్లి. రేపు మాట్లాడతాలే.”

“అదేంటి! మేడ దిగలేని మనిషి, ఎంత సంతోషిస్తుందో. నా మీద కోపంతో దాని దగ్గర శుభవార్త దాస్తావా?”

“వద్దు, ఎత్తకు!”

అప్పటికే అతను ఫోను లాక్కుని స్పీకరు నొక్కేశాడు. “ఏమ్మా మరదలా, నీకో మంచి కబురు!”

“బావా, నా ఓడకి బహుమతి వచ్చిందా?”