ఉంటే వాడు, లేకుంటే వదిలెయ్

యాప్‌ని మూడు రకాల ఫోన్లకి తయారుచేసే బిల్డ్ పెడితే రెండిటికి పచ్చలైటు వచ్చింది. మూడోదానికి ఎర్రలైటు.

బిల్డమ్మకి గుండె జారిపోయింది. ఆఫీసులో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు.

మందు డబ్బాని ఫోనుకి చూపిస్తే తెర మీద పేరు వేసి, పైకి చదివి వినిపించే యాప్ అది. ఈ పూట కొత్త వెర్షన్ వెళ్ళకపోతే ఆమె ఉద్యోగానికే ఎసరు.

"చదివి వినిపించే లైబ్రరీ మూడోదాంట్లో దొరకట్లేదు సార్."

ఆ లైబ్రరీ, అంటే ఆ పని చేసిపెట్టే రెడీమేడ్ కోడు, వీళ్ళది కాదు. ఎవరో మహానుభావుడు రాసి లోకానికి ఊరికే ఇచ్చేశాడు.

"ఆప్షనల్ చేసెయ్యమ్మా," అన్నాడు మేనేజరు. "ఉంటే వాడు, లేకుంటే వదిలెయ్. అంతే!"

అలాగే చేసింది. మూడూ పచ్చబడ్డాయి. వెర్షన్ వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫోన్ మోగింది. ఎవరో పెద్దాయన.

"అమ్మా, మీ యాప్ మూగబోయింది."

"తెర మీద పేరు వస్తోంది కదండీ, చదువుకోండి."

"అది కాదు తల్లీ. ఆ లైబ్రరీని వదిలేసినట్టున్నారు. ఎలా కలపాలో నేను చెప్తాను, రెండు నిమిషాలు..."

అసలే ముళ్ళ మీద కూర్చుంటే, పైన ఈ ఉచిత సలహా ఒకటి!

"మా పని మాకు తెలుసండీ," అని పెట్టేసింది.

తెల్లారేసరికి ఫిర్యాదులు కుప్పలు.

"ఆ గొంతు వెనక్కి రావాలి. లేదంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు నిన్నటి మేనేజరే.

ఎంత తంటాలు పడ్డా లైబ్రరీ కలవలేదు. ఇక రాసినాయన కాళ్ళావేళ్ళా పడాల్సిందే. వెతికి వెతికి నంబరు పట్టుకుని నొక్కింది.

ఆయన భార్య ఎత్తింది. బిల్డమ్మ తానెవరో చెప్పుకుంది.

"ఆసుపత్రిలో ఉన్నామమ్మా. ఆయనకి ఇంకా తెలివి రాలేదు."

"అయ్యయ్యో! ఏమైందండీ?"

"నిన్న మీకే ఫోన్ చేశారు. మీరు పెట్టేశారని నాకు ఫోన్లో చెప్పారు. నేను ఇంట్లో లేను. చేత్తో తడిమి, అదే అనుకుని వేరే మాత్ర వేసేసుకున్నారు."



"తెర మీద... పేరు ఉంటుంది కదండీ?"

"ఏం చూస్తారు తల్లీ? రెండు కళ్ళూ పోయాకే కదా ఆయన ఆ లైబ్రరీ రాసుకున్నది!"