అసిరమ్మ ఇటుకలు

“ఏం చేస్తున్నావమ్మా అక్కడ?”

నీలకంఠం గొంతు చించుకుని అరిచాడు. సముద్రపు హోరులో మామూలుగా అడిగితే వినపడదు.

కోటగోడ మొదట్లో ఇటుకల బుట్ట పక్కన వంగి ఉన్న ముసలామె తల తిప్పింది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. చుట్ట తియ్యకుండానే, మాటలు నములుతూ జవాబు చెప్పింది.

“ఇటుకలెత్తేత్తన్నాను బాబూ” అని వినిపించింది.

నీలకంఠానికి ఒళ్ళు మండిపోయింది. చేసింది దొంగతనం. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకోవాలి గాని, ఎత్తుకుపోతున్నానని మొహమ్మీదే చెప్పడమా?

“సిగ్గు లేదూ ఈ పని చెయ్యడానికి?”

“నాను సెయ్యపోతే ఇంకెవులు సేత్తారు?”

“మళ్ళీ కనిపించావంటే పోలీసులకి చెబుతాను.”

“సెప్పు బాబూ. ఆలనీ ఒచ్చి ఓ సెయ్యెయ్యమను.”

నీలకంఠం ఆ బుట్ట అక్కడే బోర్లించి, ఆమెను బయటికి తరిమేశాడు. పేరు అడిగితే అసిరమ్మ అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

అతనిది తెనాలి వైపు. ఉక్కు కర్మాగారం పనుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ఉక్కునగరంలో కాపురం పెట్టి ఏడాది కాలేదు. ఒక ఆదివారం సరదాగా భీమిలి అవతలి డచ్చి కోట చూడబోయి, దాని మాయలో పడిపోయాడు. కోటంటే ఇక మిగిలింది సముద్రం వైపు ఒక్క గోడే. తక్కిందంతా జనం ఇళ్ళకీ నూతులకీ పీక్కుపోయారు.

ఆ ఒక్క గోడనైనా నిలబెట్టి తీరాలనుకున్నాడు. అతను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పురావస్తు శాఖ ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, దసరా వెళ్ళాక వచ్చి చూసి కాపలా పెట్టిస్తామన్నారు. అప్పటిదాకా గోడ పడకుండా ఉండాలి.

ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపున్న స్నేహితుడు తాతబాబు దగ్గర ముళ్ళతీగ తెచ్చి, గోడ చుట్టూ కంచె వేయించి తాళం పెట్టాడు.

ఆ సాయంత్రం అసిరమ్మ కంచె అవతల నిలబడింది.

“ఇంకా కొన్ని బుట్టలుండిపోనాయి బాబూ. అయ్యి కూడా కానియ్యి.”

“నా కంఠంలో ప్రాణముండగా ఒక్క ఇటుక కూడా కాదు.”

అసిరమ్మ చాలాసేపు కంచె పట్టుకుని అలాగే నిలబడి, చీకటి పడ్డాక కదిలింది. గెలిచానన్న సంతోషంతో నీలకంఠం బస్సెక్కాడు.

దసరాకి ముందే గాలివాన వచ్చింది. రోడ్లు తెగి, బస్సులు ఆగిపోయాయి. మళ్ళీ తిరగడం మొదలయ్యాక అతను భీమిలి బయల్దేరితే, అన్నం తిని వెళ్ళమని తాతబాబు తన ఇంటికి లాక్కుపోయాడు.

తాతబాబు భార్య చిలకమ్మ వంటింట్లోంచి కేకేసింది. “కాళ్ళు కడుక్కో అన్నయ్యా, అన్నమెట్టేత్తన్నాను.”

నీలకంఠం నవ్వాడు. “తినకముందే ఎత్తేస్తావేమమ్మా?”

“ఎత్తడం కాదు బావా, ఎట్టడం” అన్నాడు తాతబాబు. “మా యేపు పెట్టడాన్ని ఎట్టడమే అంటాం.”

నీలకంఠం నవ్వు ఆగిపోయింది.

“నోట్లో అడ్డచుట్ట పెట్టుకుని, ఇటుకలెట్టేత్తన్నాను అంటే?”

“ఇటుకలు పెట్టేస్తున్నాననే. అదేటి బావా, లేచిపోతన్నావ్?”

విస్తరి ముందు నుంచి లేచినవాడు కోట దగ్గర గాని ఆగలేదు.

గోడ చాలామటుకు కూలి అలల్లో పడి ఉంది. ఒక్క ముక్క మాత్రం నిలబడింది. దాని మొదట్లో, అలలు తొలిచిన చోట, సున్నం మెత్తి వరసగా పేర్చిన ఇటుకలున్నాయి. గోడ కూలిన చోటంతా కింద డొల్ల. కాళ్ళమీద పడైనా సరే అసిరమ్మను మళ్ళీ తీసుకురావాలి, తనే బుట్ట మొయ్యాలి అనుకుంటూ నీలకంఠం జాలరిపేటలోకి పరిగెత్తాడు.

ఒడ్డున నూకాలు అనే జాలరి వల బాగుచేసుకుంటున్నాడు.

“అసిరమ్మ ఎక్కడుంటుంది?”

“అసిరమ్మప్పా? గాలివానకి నానిపోయి జొరమొచ్చింది. మొన్న లచ్చివారం పోనాది బాబూ.”

నీలకంఠం అతని పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

“ఎందుకు పెట్టేది ఆ ఇటుకలు?”

“ఆ గోడ సూసుకునే కదా మా పడవలు ఒడ్డుకొత్తాయి. దాని పెనిమిటి కోటలోంచి పీకినయ్యి తనే తిరిగి ఎట్టేత్తానని ఒకటే పంతం. కంచె ఏసినాక కూడా బుట్ట ఒట్టుకుని ఎల్లీది, తిరిగొచ్చీది.”

“అంత వానలో బయటెందుకు ఉంది? ఇంట్లో ఉండొచ్చు కదా?”

“ఇంట్లోనే ఉంది బాబూ” అని నూకాలు వల పక్కన పెట్టి లేచాడు.

అతని వెనకాల మలుపు తిరిగిన నీలకంఠానికి, నాలుగు తాటి గుంజల మీద తాటాకు కప్పు, దాని కింద ఒంటరిగా నిలబడ్డ గుమ్మం కనిపించాయి గాని, ఆ ఇంటికి ఒక్క గోడ కూడా లేదు.