ఎలా తెలిసింది?

"మా అమ్మాయికి ఎన్ని మార్కులొచ్చాయో చెప్పండి, చాలు. చెప్పలేమంటే టీసీ ఇచ్చేయండి."

నాలుగో తరగతి గదిలోకి వస్తూనే ప్రోగ్రెస్ కార్డు తీసి టీచర్ బల్ల మీద పెట్టిందామె. ఈత కొలను నుంచి నేరుగా వచ్చినట్టుంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది, మెడలో విజిల్ వేలాడుతోంది. కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఈత కోచ్ కూతురు కాబట్టి ఆ పిల్లను అందరూ చేపపిల్ల అంటారు. ఇప్పుడు మాత్రం ఒడ్డున పడ్డ చేపలాగే ఉంది.

ఈ ఏడాది నుంచి పద్ధతి మారిందని, మార్కులూ ర్యాంకులూ లేవని టీచర్ నిదానంగా చెప్పింది. ఆ సంగతి కోచ్‌కు తెలుసు. ఆమెకు ఒళ్లు మండింది కార్డులో లెక్కల ఎదురుగా ఉన్న మాట చూసి. 'సాయంతో చేస్తోంది' అట. కిందటేడు తొంభై దాటిన పిల్లకు ఇప్పుడు సాయమేమిటి? ఆ కార్డు వచ్చినప్పటి నుంచి ఇంట్లో రోజూ రభసే. తను లెక్క ఇస్తుంది, పిల్ల బిక్కమొహం వేస్తుంది, తను కేకలేస్తుంది. నిన్నయితే పిల్ల పుస్తకం మూసేసి, బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది కోచ్.

టీచర్ కార్డు జోలికి పోలేదు. "మీ దగ్గర ఈతకు చేరిన పిల్లలకు ఎన్ని మార్కులు వేస్తారండీ?" అని అడిగింది.

"ఈతకు మార్కులేమిటండీ? వీడు తేలుతున్నాడు, వీడికి ఇంకా చెయ్యి పట్టుకోవాలి, ఈ పిల్లను లోతులోకి ఒక్కదాన్నే వదలొచ్చు... అలా చూసుకుంటాం," అంటూ అంటూనే కోచ్ ఆగిపోయింది.

టీచర్ ఆ మాటను సాగదీయలేదు. సొరుగులోంచి ఒకే పొడవున్న కాగితపు పట్టీలు తీసింది. ఒకదాన్ని నాలుగు సమాన ముక్కలు చేసి మూడు తీసుకుంటే ఎక్కువా, ఇంకోదాన్ని మూడు చేసి రెండు తీసుకుంటే ఎక్కువా అని అడిగింది. కోచ్ బల్ల మీద వేలితోనే అడ్డంగా గుణించి, మొదటిదే ఎక్కువని చెప్పేసింది. కరెక్టే, ఎలా తెలిసిందని అడిగింది టీచర్. గుణిస్తే తెలుస్తుందంది కోచ్. గుణిస్తే ఎందుకు తెలుస్తుందని మళ్లీ అడిగింది టీచర్.

కోచ్ బల్ల మీద వేలితో మళ్లీ గుణించి చూసుకుంది. అలా చెయ్యాలని చిన్నప్పుడు ఎవరో చెప్పారు. చేసింది. మంచి మార్కులే తెచ్చుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, తనకూ అడగాలని తోచలేదు.

అప్పుడు టీచర్ చేపపిల్లను దగ్గరికి పిలిచింది. ఐదు ముక్కల్లో నాలుగు ఎక్కువా, ఆరు ముక్కల్లో ఐదు ఎక్కువా అని అడిగింది. పిల్ల చెప్పేదాకా మనం ఒక్క మాట కూడా మాట్లాడొద్దని కోచ్‌ను మెల్లగా హెచ్చరించింది.

పిల్ల పట్టీల వంక చూసింది. కిటికీ వంక చూసింది. కోచ్‌కు నోరు ఊరుకోవడం లేదు. 'గుణించవే' అనే మాట గొంతుదాకా వచ్చేసింది. విజిల్ పళ్ల మధ్య ఇరికించుకుని బలవంతాన కూర్చుంది.

"రెండింటిలోనూ ఒక్క ముక్కే తక్కువమ్మా," అంది పిల్ల. టీచర్‌తో కాదు, తల్లితో. "ఆరు చేస్తే ముక్కలు చిన్నవైపోతాయి. చిన్న ముక్క పోతే ఎక్కువ మిగులుతుంది కదా. అందుకే ఆరులో ఐదే ఎక్కువ."

విజిల్ జారి ఒళ్లో పడింది. కోచ్ ఆ మాటల్ని మనసులో ఇంకోసారి అనుకుంది. పోయింది చిన్నది, అందుకే మిగిలింది పెద్దది. ఇందాక తను గుణించిన లెక్క సంగతీ అంతేగా. ఇన్నేళ్లకు ఆ లెక్క కళ్లకు కనిపించింది.

మరి సాయమని ఎందుకు రాశారని అడిగింది. ఈసారి గొంతులో పోట్లాట లేదు. పట్టీలు ముందుంటే చెబుతోంది, అవి లేకుండా చెప్పడం ఇంకా రావాలి, ఆ మాటకు అర్థం అంతేనంది టీచర్. ఇంట్లో పాఠాలేమీ చెప్పక్కర్లేదు. జవాబు తప్పయినా ఒప్పయినా ఎలా తెలిసిందని అడగాలి. అడిగి, ఓపిక పట్టాలి.

కోచ్‌కు ఇంటికి వెళ్లేదాకా ఆగే ఓపిక లేదు. పట్టీలు వెనక దాచేసి, ఐదులో రెండు ఎక్కువా, ఏడులో రెండు ఎక్కువా అని అక్కడికక్కడే అడిగేసింది. పిల్ల కళ్లు మూసుకుని గాల్లోనే పట్టీలు కోసింది. ఇవీ రెండు ముక్కలే, అవీ రెండు ముక్కలే, ఐదు చేసినప్పుడే ముక్క పెద్దదని చెప్పింది. పట్టీలు లేకుండానే చెప్పింది. కోచ్ లేచి నిలబడింది. ఈసారి పిల్ల తల్లిని అడిగింది. తల్లి తొందరపడి తప్పు చెప్పింది.

"ఎలా తెలిసిందమ్మా?" అని పిల్ల నిలదీసింది.

ఇక ఇద్దరికీ పట్టపగ్గాల్లేవు. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పంటూ నల్లబల్ల మీద పడ్డారు. ముక్కుల మీద కూడా సుద్దే. పిల్ల పకపకా నవ్వుతోంది. ఇంట్లో లెక్కల దగ్గర ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. టీసీ మాట కోచ్ మరిచేపోయింది. ఈ పాఠం తల్లిదండ్రులందరికీ చెప్పాలని, వాళ్లను పోగుచేసే పూచీ తనదని టీచర్ చేతులు పట్టుకుని మరీ చెప్పింది.

అంతలో టీచర్ ఫోన్ మోగింది. అవతలి మాట వింటూనే ఆమె మొహం మారిపోయింది. "మీరు అక్కడే ఉండండి. నేనొచ్చేదాకా హెడ్మాస్టర్ గారిని కదలనివ్వకండి," అని, గబగబా బ్యాగ్ సర్దుకోసాగింది.

ఏమైందని కోచ్ కంగారుగా అడిగింది.

"మా వాడి బడి నుంచి మావారండీ," అంది టీచర్ చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "వాళ్లూ ఈ ఏడాది నుంచి ఇదే పద్ధతి పెట్టారు. ఎన్నో ర్యాంకో కూడా చెప్పకపోతే వాడి చదువు ఏమైపోవాలండీ?"