గ్యాసు పొయ్యికి కప్పిన గుడ్డ

"రాసుకోండ్రి మేడం, అన్నిటికీ గా ఓపెన్‌కాస్టు దుమ్మే కారణం!" అంటూ మొగిలి బడి కిటికీలోంచి బొగ్గుగని మట్టిగుట్టల వైపు వేలెత్తి చూపాడు.

గోదావరిఖని బడిలో ఆ రోజు ఉబ్బసం పిల్లలకు వైద్య పరీక్షలు. నాలుగో తరగతి చదివే తన కూతురు యమున ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తుంటే, వాటిని మించి మొగిలి గొంతే మోగుతోంది, యూనియన్ గేటు మీటింగులో మోగినట్టు.

"దుమ్ము రాశానండీ," అంది డాక్టర్ అరుణకుమారి. "ఇంట్లో ఎవరైనా బీడీ కాలుస్తారా?"

"నేను ముట్టనే ముట్ట. దుమ్ము కింద రెండు గీతలు గియ్యుండ్రి."

"వంట దేని మీద?"

"గ్యాసే!" మొగిలి మీసం దువ్వాడు. "రెండు మంటల పొయ్యి. మా క్వార్టర్ల లైన్ల ఫస్టు మాకే వచ్చింది."

"దానికి గుడ్డ కప్పినం గద బాపు," యమున ఆయాసపడుతూనే అందుకుంది. "అమ్మ బొగ్గుల పొయ్యి మీదనే వండుతది. పొగకు కొత్త పొయ్యి ఖరాబైతదని నువ్వే కప్పితివి."

మొగిలి నవ్వబోయాడు. "పండుగలకు ముట్టిస్తం మేడం. బొగ్గు పైసా లేకుంట పుక్కట్ల దొరుకుతది గదా..."

"నువ్వెక్కడ పడుకుంటావమ్మా?"

"బొగ్గుల పొయ్యి కాడనే. చలికి ఎచ్చగుంటది."

అరుణకుమారి కలం ఆపింది.

"పొయ్యికి గుడ్డ కప్పారు. మరి పిల్లకేం కప్పారండీ?"

సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగింది. బడి కిటికీలు గడగడలాడాయి. దుమ్ము లేచింది.

మొగిలి వేలు మాత్రం లేవలేదు.