చిట్టి పొట్టకు ఇద్దరు తాతలు

"నా మనవడి పొట్ట మీద మీ కత్తి పడనివ్వను బావగారూ!"

"మీకే మనవడా? నాకు పక్కింటివాడా? వాడి పొట్టలోకి మీ కెమెరా దూరనివ్వను!"

వియ్యంకులిద్దరూ సర్జన్లే, అదీ ఒకే ఆస్పత్రిలో. మనవడికి తల్లి తరఫు తాత ఏ ఆపరేషనైనా చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా దూర్చి, తెర మీద చూస్తూ చేస్తారు. అందుకని ఆస్పత్రిలో ఆయన కెమెరాగారు. తండ్రి తరఫు తాత పొట్ట కోసి, కళ్ళారా చూసి చేస్తారు. ఆయన కత్తిగారు. ఆ పేర్లంటే ఇద్దరికీ లోలోపల గర్వమే.

మంచం మీద నెల దాటిన పిల్లాడు. కొద్దిరోజులుగా తాగిన పాలు తాగినట్టే దూరంగా చిమ్మేస్తున్నాడు. కడుపులోంచి పేగులోకి పాలు దిగే చోట కండ మందమెక్కి, దారి మూసుకుపోయింది. ఆ కండను చీల్చి దారి వదులు చేస్తే సరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిపోయిందని ముందు సెలైన్ ఎక్కిస్తున్నారు.

సొంతవాళ్ళకు ఆపరేషన్ చెయ్యకూడదని ఆస్పత్రి నియమం. కాబట్టి చేసేది పిల్లల డాక్టరమ్మ. వీళ్ళిద్దరి దగ్గరా పని నేర్చుకున్న మనిషి. చేతులు ఆవిడవి, నోళ్ళు మాత్రం వీళ్ళవి.

"కోస్తే జన్మంతా మచ్చ," అన్నారు కెమెరాగారు. "రంధ్రాలైతే ఇట్టే కోలుకుని పాలు తాగేస్తాడు."

"మీ తెర మీద సరిగ్గా కనపడక కండ సగమే చీల్చి వదిలేస్తే ఆ తాగిన పాలు మీ మొహానే కక్కుతాడు. మచ్చదేముందండీ, వాడేమన్నా అందాల పోటీకి వెళ్తున్నాడా?"

"పాతకాలం మాటలు!"

"వీడియో గేములు ఆడుకునేవాళ్ళకి అలాగే ఉంటాయి లెండి!"

పిల్లాడి తండ్రి ఎటు తలూపినా ఒకరికి కోపం వస్తుంది. అందుకని తలూపడమే మానేసి, కిటికీలోంచి పార్కింగులో కార్లను అతిశ్రద్ధగా చూస్తున్నాడు.

పాలివ్వొద్దన్నారేమో, పిల్లాడు పిడికిలి చీకుతూ గుక్కపెట్టాడు. తల్లికి ఒళ్ళు మండింది.

"నాన్నా, మామయ్యగారూ! వాడు ఆకలికి ఏడుస్తుంటే మీ గొప్పలేంటి? క్యాంటీన్లో చెప్పుకోండి, నడవండి!"

ఇంత అనుభవమున్న సర్జన్లిద్దరూ బుద్ధిగా నడిచారు. ఎవరు ముందన్నది తేలక, గుమ్మంలో ఇరుక్కుని మరీ నడిచారు.

మధ్యాహ్నం ఆపరేషనైంది. సాయంత్రానికి పిల్లాడికి కాసిని పాలు పట్టారు. అందరూ వాడి నోటికేసి చూశారు. వాడు ఒకసారి త్రేన్చి, హాయిగా నిద్రపోయాడు. తల్లి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. పొద్దున గొంతులు చించుకున్న తాతలు ఏ పద్ధతిలో చేశావని మాటవరసకైనా అడగలేదు. ఒకరు సెలైన్ సీసాను, ఇంకొకరు ఫ్యానును పరీక్షిస్తున్నారు.

చివరికి తల్లే కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఇంతకీ ఎలా చేశారు డాక్టర్?"

"నాకు రెండూ ఒకటేనమ్మా. ఈ మధ్య చెయ్యి దేనికి బాగా అలవాటు పడిందో దానితోనే చేశాను. కెమెరాతో."

"హమ్మయ్య! అయితే మా నాన్న మాటే నెగ్గిందన్నమాట!"

డాక్టరమ్మ ఇబ్బందిగా ఇద్దరు పెద్దల వైపూ చూసింది.

"లేదమ్మా. ఆపరేషన్‌కి ముందు నన్ను పక్కకి పిలిచి, కెమెరా వద్దు, కోసే చెయ్యమని మీ నాన్నగారు బతిమాలారు. కెమెరాతోనే చెయ్యమని నా చేతులు పట్టుకుంది మీ మామగారు!"