లేని కోత

అచ్చాయమ్మ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నా డాక్టరు కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పలేదు.

"నీ అపెండిక్స్ రెండేళ్ల కిందటే తీసేశారమ్మా. బ్లాక్‌చెయిన్ రికార్డులో ఉంది."

"అది మా పెద్దమ్మకండీ," అని గొణిగింది కూతురు హంసిని. "వాళ్లు అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరికీ వాళ్ల నాయనమ్మ పేరే పెట్టారు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు. మీవాళ్లే ఇద్దరి వివరాలూ తారుమారు చేశారు."

"అయ్యుండొచ్చు పాపా. ఒకసారి ఎక్కింది చెరపడం ఎవరి తరమూ కాదు. లేనిదాన్ని తీయమంటే ఆపరేషన్ యంత్రం తలుపే తెరవదు."

తరగతిలో హాజరు పలకడానికే సిగ్గుపడే హంసినికి ఒళ్లు మండిపోయింది.

"చెరపొద్దు. కొత్తగా రాయించాలంటే ఎంతమంది సాక్ష్యం కావాలి?"

"ముగ్గురిది."

ఆమె వరండాలోకి పరుగెత్తింది. "అత్తా! పిన్నీ! మా అమ్మ పొట్టమీద కోతుందో లేదో చూసి చెప్పండి!"

వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లు బిలబిలా లోపలికొచ్చారు.

"గీతైనా లేదు కదే!" అందొకావిడ. "ఏం బాబూ, ఇటు తిరిగి చూడ్డానికి మెడ పట్టేసిందా?"

వాళ్లలో ముగ్గురు తెర అద్దం మీద సాక్ష్యంగా వేలిముద్ర వేశారు. కోత లేదని కొత్తగా ఎక్కింది. యంత్రం తలుపు తెరుచుకుంది.

అప్పుడు డాక్టరు కుర్చీలోంచి లేచి, అచ్చాయమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి అడిగాడు.

"ఎక్కడమ్మా నొప్పి?"