వదులు చేయకూడని మూత

మార్చి 9.

మందుసీసాల మూతలు తయారుచేసే అమ్మాయికి,

పసివాళ్ళు తీయలేని మీ మూత నా చేతికి రాలేదని, దాన్ని వదులు చేయిస్తానన్నారు. వదులైతే పసివాళ్ళూ తీసేస్తారు. అందుకే ఈ కార్డు.

ఆరు మంగళవారాలు నాలుగింటికి మా ఇంటికొచ్చి నాతో మూత తీయించి పరీక్ష చేశారు. ఆరుసార్లూ రాలేదన్నాను. “ఈ మూతకి మీ మీద ఏం పగో మామ్మగారూ” అని నవ్వి, టీ తాగి, మళ్ళీ వస్తానని వెళ్ళారు.

మొదటి రోజే, మీరు ఫోన్ మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళినప్పుడు, నొక్కి తిప్పాను. తొమ్మిది సెకన్లలో వచ్చింది. మళ్ళీ బిగించి పెట్టాను.

ఇక జరగవలసినవి:

1. మీ పరీక్షల పుస్తకంలో నా పేరు ఎదుట ఉన్న ఆరు ‘రాలేదు’లు కొట్టేసి, ‘తొమ్మిది సెకన్లు’ అని రాయాలి.

2. మూతను వదులు చేయకూడదు.

3. మంగళవారం పరీక్ష ఉండదు. నాలుగింటికి గడియ మాత్రం తీసి ఉంచుతాను.